ఆల్బంలో లేని మేము

తెలంగాణ ముస్లిముల చరిత్ర అనగానే రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తెచ్చి ముందు పెడతారు. ఆరో నిజాం 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చిన ఆ పనితనానికి మేమూ సలాం చేస్తాం. దర్బార్లు, షికార్లు, మహళ్లు చూస్తే కళ్లు చెదురుతాయి. పరదా స్త్రీల కోసం 1892లో ఆయన జెనానా స్టూడియో కూడా తెరిచాడు. అక్కడా ఖర్చు భరించగల ఇళ్ల బేగంలకే చోటు. పేదలు కరువు పనుల ఫోటోల్లో కనిపిస్తారు, గుంపుగా, పేర్లు లేకుండా.

మరి దూదేకుల సాయిబు, టాంగావాలా, బీడీలు చుట్టే బీబీ ఏరి? ముస్లిమంటే నవాబేనని దీన్‌దయాళ్ చెప్పలేదు. ఆ ఒక్క ఆల్బమే చూపేవాళ్లు చెప్పారు.

మా ఆల్బం ఇనప సందూకుల్లో ఉంది. నిఖానామా, అమ్మీ పాన్‌దాన్, దుబాయి వెళ్లే ముందు అన్న దిగిన పాస్‌పోర్టు ఫోటో. వీటిని అడిగి తెచ్చి అద్దాల పెట్టెలో పెడితే చాలదు. ఎవరిది, ఏ ఊరు, ఏం పని చేసేవారు అన్నది ఇచ్చినవాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఫోటో వెనక ఉర్దూ రాత చదవగల నానీమాలు ఉండగానే దాన్ని తెలుగులోకి దించుకోవాలి. 2019లో పౌరసత్వ చట్టం మార్చినప్పటి నుంచి పాత కాగితం మా ఇళ్లలో జ్ఞాపకమే కాదు, ధైర్యం కూడా. అందుకే నకలు తీసుకుని అసలు ఆ ఇంటికే తిరిగివ్వాలి.