పాపకు సరిపోయే జాకెట్టుందా?

కార్తీకమాసం వచ్చిందంటే పాపికొండల లాంచీలకు జనం పోటెత్తుతారు. నాకూ ఆ ప్రయాణం ఇష్టమే. కానీ రేవులో దిగగానే నా కన్ను పిల్లల భుజాల మీదికే పోతుంది.

చాలాసార్లు మూడేళ్ల పాపకు పెద్దవాళ్ల లైఫ్ జాకెట్టే కనిపిస్తుంది, తాతగారి కోటు తగిలించినట్టు. నీళ్లలో పడితే జాకెట్టు పైకి తేలుతుంది, పాప కిందికి జారిపోతుంది. పైగా చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. ముఖం నీళ్లవైపే వాలుతుంది. అందుకే వాళ్ల జాకెట్టుకు మెడ వెనక దళసరి కాలరు, కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉంటాయి. ఎన్ని కిలోల వాళ్లకు పనికొస్తుందో లోపలే రాసుంటుంది. వయసు చెప్పి తీసుకోకండి, బరువు చూసి తీసుకోండి. బకిల్సన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవులు లోపలికి కూరుకుపోతే ఆ జాకెట్టు పనికిరాదు.

"ఏం కాదండీ, ఒళ్లో కూర్చోబెట్టుకోండి" అంటారు. బోటు తిరగబడినప్పుడు ఏ తల్లి చేతుల పట్టూ నిలవదు. ఉక్కపోస్తోందనో, భోజనాలకు అడ్డమనో మధ్యలో జాకెట్టు విప్పేయడం ఇంకో అలవాటు. గోదావరి సుడులకు మన భోజనాల వేళతో పనిలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో బోటు మునిగితే, దాన్ని ఒడ్డుకు లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. 2024 జనవరి 18న వడోదర హరణి సరస్సులో విహారానికి వెళ్లిన బడిపిల్లలు 12 మంది, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవలో పట్టే దానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు. చాలామందికి జాకెట్లే లేవు. అది ప్రవాహం లేని చెరువు నీరు!

పిల్లలతో వెళ్తే తలుపులు మూసిన ఏసీ హాల్లో లోపలికంటా కూర్చోవద్దు, బయటికి దారి దగ్గరుండాలి. కొండలు కనబడగానే ఫొటోలకని అందరూ ఒకే పక్కకు ఎగబడితే బోటు ఒరుగుతుంది. మీరు మాత్రం కదలకండి.

టికెట్టు కొనేముందే పిల్లల సైజు జాకెట్లున్నాయా అని అడగండి. లేవంటే ఆ బోటు ఎక్కకండి. పాపికొండలు ఎక్కడికీ పోవు. వచ్చే ఏడు చూడొచ్చు.