మోగే కాయిల్ మిగిల్చే టైము

ఎమ్మారై మిషన్‌లో చెవులు దద్దరిల్లేలా మోగేది గ్రేడియంట్ కాయిల్. వికారాబాద్‌లో రైలెక్కి హైదరాబాద్‌లో స్కానింగ్ పనికి పోయే నాకు ఆ టకటకే బతుకుదెరువు. “ఇంకెంతసేపు బిడ్డా?” అని లోపలి నుంచి తాండూరు పెద్దమ్మలు అడుగుతుంటారు. “ఐపోవట్టె పెద్దమ్మా, కదలకు” అంటుంటాను.

బొమ్మ తీయడం నిమిషాల పని. మెదడులో ఏ రసాయనం ఎంతుందో చెప్పే స్పెక్ట్రోస్కోపీ అలా కాదు. క్రియాటిన్ పీక్ కింద గాబా దాక్కుంటుంది. గ్లూటమేట్, గ్లూటమిన్ ఒకదాని మీద ఒకటి పడతాయి. వీటిని రెండో అక్షం మీదికి పరిచి విడదీసే ఆలోచన 1971లో జీన్ జీనర్‌ది. దాన్ని నిలబెట్టింది రిచర్డ్ ఎర్నెస్ట్. 1975లో అదే ఎర్నెస్ట్‌తో కలిసి ఎమ్మారై బొమ్మకు ఫూరియే లెక్క కట్టినవారిలో అనిల్ కుమార్ ఒకరు, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేశారు. బొమ్మా, రెండు అక్షాల స్పెక్ట్రమూ ఒకింటి బిడ్డలే.

చిక్కంతా టైముతోనే. రెండో అక్షం కోసం సంకేతాన్ని వినేముందు ఆగే సమయాన్ని కొంచెం కొంచెం పెంచుతూ 96 మెట్లు ఎక్కాలనుకుందాం. మెట్టుకు 2 సెకన్లు. మెదడు బొమ్మలోని 16×16 గడుల్లో దేనికది కావాలంటే 13 గంటలు దాటుతుంది. ఎవరు పడుకుంటారు?

లాస్ ఏంజెలిస్ యూసీఎల్‌ఏలో ఆల్బర్ట్ థామస్ బృందం ఆ మోగే కాయిల్‌నే పనిలోకి దించింది. సంకేతం వింటున్నంతసేపూ గ్రేడియంట్‌ను అటూ ఇటూ తిప్పితే వరుసలోని 16 గడులూ ఒకే విడతలో చదవొచ్చు. మన లెక్క 51 నిమిషాలకు దిగుతుంది. కొలతల్లో నాలుగో వంతే తీసి మిగతావి కంప్యూటర్‌తో పూరిస్తే 13 నిమిషాల లోపే.

ఇజ్రాయెల్‌లో లూసియో ఫ్రిడ్‌మన్ 2002లో ఇంకా తెగించాడు. ఒకే చేనులో సాలుకో రోజు ఆలస్యంగా కంది విత్తితే, గట్టు వెంట ఒక్కసారి నడిచినవాడికి మొలక నుంచి కాయ దాకా అన్నీ కనబడతాయి. ఆయనా అంతే, గ్రేడియంట్‌తో నమూనాలో పొరకో నిరీక్షణ ఇచ్చి, మెట్లన్నీ ఒక్క స్కాన్‌లో చదివాడు. కానీ పొరలుగా పంచితే సంకేతం పలచనవుతుంది. మెదడులో గాబా లీటరుకు సుమారు ఒక మిల్లీమోల్ మాత్రమే. అందుకే మనుషుల విషయంలో నా ఓటు థామస్ దారికి.

అయినా గ్రేడియంట్‌ను ఎంత వేగంగానైనా తిప్పలేం. హద్దు దాటితే పడుకున్నవారి నరాలు జివ్వుమంటాయి. అక్కడికి రాకముందే మిషన్ తెర మీద హెచ్చరిక పెట్టి, సెట్టింగులు మార్చమంటుంది.