వెస్టర్‌బోర్క్ లేఖలు – సాధారణీకరణ విచారము

కరుణరసమును గూర్చి మన ఆలంకారికులు చేసిన చర్చ ప్రధానముగా కావ్యనాటకముల నుద్దేశించినది. భవభూతి సీతాదుఃఖమును వర్ణింపగా సహృదయుడు పొందునది లౌకికమైన శోకము కాదనియు, వ్యక్తిసంబంధము తొలగిన ఆస్వాదమనియు వారి సిద్ధాంతము. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు సంస్కరించిన సాధారణీకరణవాదమునకు ఇదియే సారము. అయితే, దుఃఖించినవారే తమ నిత్యజీవితమును వ్రాసిపెట్టినచో ఆ రచనకు ఈ సిద్ధాంతము ఎంతవరకు వర్తించును? ఎట్టీ హిల్లెసుమ్ అను యూదు యువతి లేఖల నాధారముగా గొని ఈ ప్రశ్నను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. మూలము డచ్చి భాషయందున్నది. నేను చదివినది ఆంగ్లానువాదము. కావున శబ్దగతమైన శైలీవిచారమునకు పూనుకొనలేదు.

ఎట్టీ 1914 జనవరి 15న నెదర్లాండ్సు దేశమున మిడెల్‌బర్గ్ నగరమున జన్మించినది. ఆంస్టర్‌డాములో న్యాయశాస్త్రము చదివి, రష్యన్ భాష బోధించుచుండినది. దేశము జర్మనుల వశమైన మరుసటి సంవత్సరము, 1941 మార్చి 8న, దినచర్య వ్రాయ నారంభించినది. 1942 జూలైలో యూదుల మండలిలో ఉద్యోగమున చేరి, ఆ నెలాఖరున తానై కోరి వెస్టర్‌బోర్క్ శిబిరమునకు పోయినది. డ్రెంటె మండలపు బీడుభూములలో, జర్మనీనుండి వచ్చిన యూదు శరణార్థులకై డచ్చి ప్రభుత్వము 1939లో నిర్మించిన శిబిరమిది. 1942 జూలై 1న జర్మనుల యధీనమైన పిమ్మట ఇది తూర్పునందలి మృత్యుశిబిరములకు పోవు దారిలో మజిలీ యైనది. ఆష్‌విట్జ్ వంటి సంహారస్థలము కాదు గాని, ఆష్‌విట్జ్‌నకు మనుష్యుల నందించిన స్థలము.

ఆమె దినచర్యకును లేఖలకును భేదము గమనింపదగినది. దినచర్యయందు ఆమె తన యంతరంగముతోను, దైవముతోను సంభాషించును. లేఖలయందు బాహ్యలోకమే ప్రధానము. ఇసుక, బురద, ముండ్లతీగ, ఒకదానిపై నొకటిగా మూడంతస్తుల ఇనుపమంచములు, కిక్కిరిసిన బారకులు, ఆ నడుమనే పూచిన లూపిన్ పూలు వానిలో కనబడును. 1943 జూన్‌లో తల్లిదండ్రులును, పియానో విద్వాంసుడైన తమ్ముడు మీషాయును బందీలై వచ్చిరి. తరువాతి నెలలో ఆమె ఉద్యోగపు ప్రత్యేకస్థితి రద్దు కాగా తానును బందీ యైనది. ఆసుపత్రి బారకులో తండ్రిని చూచుట, తల్లిని ఓదార్చుట, పంపకపు పట్టికనుండి వారి పేర్లను తప్పించుటకై తిరుగుట, మిత్రులు పంపిన ఆహారపు పొట్లములు ముట్టినవని తెలుపుట – ఇదియే ఆమె దినక్రమము.

ఆ దినములకు కొలత దినము కాదు, మంగళవారము. రైలు సాధారణముగా ఆ వారముననే కదలును. 1943 ఆగస్టు 24నాటి సుదీర్ఘలేఖ అట్టి యొక మంగళవారపు వృత్తాంతము. ఆ రాత్రి ఆమె పసిపిల్లలకు బట్టలు తొడిగి, తల్లులను ఊరడించినది. పక్షవాతముతో కదలలేని బాలికను, భయపడి దాగిన పిల్లవానిని, వాని తప్పునకు దండనగా అదనముగా రైలెక్కింపబడిన వారిని వర్ణించినది. శిబిరాధిపతి రాకను నాటకాంతమున రంగమెక్కు ప్రసిద్ధనటుని ప్రవేశముతో పోల్చినది. ఆ వ్యంగ్యము తీక్ష్ణమైనది.

ఇచట పూర్వపక్షమొకటి కలదు. దాగుటకు మిత్రులు చేసిన ఆహ్వానములను ఎట్టీ త్రోసిపుచ్చినది, ద్వేషమును నిరాకరించినది. కావున మన పాఠకుడు ఆమెను స్థితప్రజ్ఞగా భావించి, లేఖలయందు శాంతమే అంగిరసమని నిర్ణయింపవచ్చును. ఆ ప్రశాంతతనే త్స్వెతాన్ తొదొరోవ్ 1991లో ప్రకటించిన గ్రంథమున దోషముగా నెంచి, విధికి తలయొగ్గుట హంతకుల పనిని సులభము చేయుననెను. ఒకరు మెచ్చినదానినే వేరొకరు నిందించిరి గాని, ఇరువురును చూచినది దినచర్యలోని ఎట్టీనే. ఆగస్టు లేఖలో ఆమె తన సేవను తానే శంకించినది. పసిపిల్లలను ప్రయాణమునకు సిద్ధపరచుట నిస్సహాయులను అప్పగించుటలో పాలుపంచుకొనుటయే యని గ్రహించి, తన్ను తాను శపించుకొనునంతటి స్థితికి వచ్చినది. ఈ లేఖలో శాంతము భగ్నమైనది. ఆ భంగమే లేఖకు సత్యబలము నిచ్చినదని నా యభిప్రాయము.

ఇక ప్రధానవిషయము. అభినవగుప్తుడు రసవిఘ్నములను పరిగణించుచు స్వగత పరగత దేశకాలవిశేషావేశమును అందొకటిగా చెప్పెను. ఈ లేఖలందు ఆ విఘ్నమే ప్రాణము. వెస్టర్‌బోర్క్‌ను తొలగించి "ఒకానొక చెఱ" యనినను, మంగళవారమును తొలగించి "ఒకానొక దినము" అనినను మిగులునది సామాన్యశోకము మాత్రమే. అంతేకాదు, వ్యక్తివిశేషమును తుడిచివేయుట శిబిరపు పాలకులే చేసిన పని. వారికి కావలసినది పట్టికలోని సంఖ్య. ఎట్టీ ఆ సంఖ్యనుండి ఒక్కొక్కరిని వారి మాటతో, రోగముతో, భయముతో వెలికి తెచ్చినది. నెదర్లాండ్సునుండి పంపబడి తిరిగిరాని వారికై శిబిరస్థలమున 1992లో నిలిపిన స్మారకమునందు 1,02,000 రాళ్లున్నవి, మనిషికొక రాయి చొప్పున. దానియందును ఇదే న్యాయము కానవచ్చుచున్నది.

ఎట్టీ 1943 సెప్టెంబరు 7న, మంగళవారమే, తల్లిదండ్రులతోను మీషాతోను ఆష్‌విట్జ్‌నకు పంపబడినది. రైలునుండి ఆమె విసరిన కార్డును రైతులు కనుగొని టపాలో వేసిరి. ఆమె మరణదినము 1943 నవంబరు 30గా నమోదైనది. దినచర్య 1981లో సంగ్రహముగను, సమగ్రరచనలు 1986లోను వెలువడినవి. కాని 1942 డిసెంబరు లేఖయు, ఆగస్టు లేఖయు 1943లోనే, ఒక చిత్రకారుని లేఖలన్న మారువేషముతో, రహస్యముగా ముద్రితములైనవి. వానిని ముద్రించినవారికి కావలసినది రసాస్వాదము కాదు, సాక్ష్యము.

దీనివలన రససిద్ధాంతము నిరర్థకమని నేను చెప్పుట లేదు. దాని యధికారము కావ్యమునందు చెక్కుచెదరనిది. సాక్ష్యరచనయందు మాత్రము వ్యక్తి, స్థలము, తేదీ మొదట నిలువవలెను. ఆస్వాదవిచారము పిదప రావలెను. లేఖలను, దినచర్యలను పరిశోధనకు గైకొను విద్యార్థులు ఈ క్రమమును పాటింపక, ప్రతి దుఃఖమును కరుణమనియు, ప్రతి సహనమును శాంతమనియు పేరు పెట్టినచో, విమర్శకూడ మరియొక పట్టిక యగును.