చోక్ వైరు ఎందుకు కాలింది?

మా అంబాసిడర్‌లో మొదట పొగ లేచింది చోక్ వైరు నుంచి. కడప నుంచి మైదుకూరు వైపు పోతూ చెన్నూరులో టీకి ఆగాం. మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంజను మూలిగింది. రెండోసారి కొడితే డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కాలిన వాసన. చోక్ గుండీ ముట్టుకుంటే చురుక్కుమంది. బ్యాటరీ పోయిందనుకోవడానికి లేదు, అది పెట్టించి నాలుగు నెలలే.

రోడ్డు పక్క షెడ్డులో ఎలక్ట్రీషియన్ భాయ్ బ్యాటరీ మొహం కూడా చూడలేదు. వంగి ఇంజనుకీ బాడీకీ మధ్య చేయి పెట్టి తడిమాడు. "ఎర్త్ పట్టీ ఏది సార్? ఎవరు తీసినారు?" అన్నాడు. లోపలికి పోయి ఒక జంపర్ కేబుల్ తెచ్చి, ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, ఇంకో కొస ఇంజను బ్లాకుకి పట్టించాడు. "ఇప్పుడు కొట్టండి." ఒక్క తిప్పుకే అందుకుంది.

ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు. అందుకే ఇంజనుకీ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. అంతకు ముందు నెల మౌంటింగులు మార్పించాను. మార్చినవాళ్లు పట్టీని మళ్లీ బిగించలేదు. సెల్ఫ్ మోటారు వాడుకున్న కరెంటంతా బ్యాటరీకి తిరిగిపోవాలి కదా, పోవడానికి దోవ లేదు. ఇంజనునీ డ్యాష్‌బోర్డునీ కలుపుతూ కనిపించిన ఇనుప తీగ చోక్ వైరొక్కటే. వంద ఆంపియర్లకు పైబడిన ప్రవాహం అందులో దూరితే ఏమవుతుందో నా వేళ్లకు తెలిసింది.

పాత కారుకు బ్యాటరీ కేబుల్ ఎంత లావుండాలి అనే ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. పోయే దోవ, వచ్చే దోవ రెండూ కలిపి ఒకే తీగ. ఎర్ర కేబుల్ వేలు లావున వేసి, ఎర్త్‌కి పాత సన్న పట్టీనే ఉంచితే పెట్టిన డబ్బులో సగం దండగే.

విచిత్రమేమిటంటే, ఈ లావు లెక్క మా జిల్లా రైతుకు కొట్టిన పిండి. పులివెందుల వైపు చీనీతోట రైతు బోరు మోటారుకు కేబుల్ కొనడానికి పోతే, షాపువాడు అడక్కముందే రెండు మాటలు చెప్తాడు: మోటారు ఎన్ని హెచ్‌పీ, బోరు ఎన్ని అడుగులు. లోతు పెరిగేకొద్దీ లావు కేబుల్ దించకపోతే మోటారు కాలుతుందని చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాడు. అదే మనిషి ఇంటి ముందున్న పాత జీపు కోసం వస్తే "బ్యాటరీ వైరొకటి ఇయ్యన్నా" అని ఊరుకుంటాడు. నిజానికి జీపుకే ఆ లెక్క ఎక్కువ కావాలి. 415 వోల్టుల త్రీఫేజు మోటారుకు తీగలో ఒక వోల్టు పోతే పట్టించుకోనక్కర్లేదు. 12 వోల్టుల సెల్ఫ్‌కి ఒక వోల్టంటే పన్నెండో వంతు. పైగా బోరు మోటారు పదో పదిహేనో ఆంపియర్లు లాగితే, అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనును తిప్పడానికి సెల్ఫ్ 200 దాకా లాగేస్తుంది.

లెక్క పెద్దదేం కాదు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరుకు దాదాపు 17.5 మిల్లీఓములు అడ్డుకుంటుంది. తీగ ఎన్ని స్క్వేర్ ఎమ్మెమ్ అయితే ఆ 17.5ను అన్నింటితో భాగించాలి. 25 స్క్వేర్ కేబుల్‌కి మీటరుకు 0.7. పోయేదీ వచ్చేదీ కలిపి రెండు మీటర్లనుకుంటే 1.4 మిల్లీఓములు, 200 ఆంపియర్ల దగ్గర పోయేది 0.28 వోల్టు. బాగానే ఉంది. అదే చోట 10 స్క్వేర్ వేస్తే 0.7 వోల్టు ఆవిరి. మొత్తం దోవలో అర వోల్టుకు మించి పోకూడదన్నది పాటించదగ్గ హద్దు. పెట్రోలు అంబాసిడర్‌కీ పద్మినికీ 25 సరిపోతుంది. మా వైపు పల్లెలకు మనుషుల్ని మోసిన డీజిల్ జీపుల సంగతి వేరు. డీజిల్ ఇంజనులో గాలిని 20 రెట్లు నొక్కాలి, సెల్ఫ్ 300, 400 ఆంపియర్లు అడుగుతుంది. 35కి తగ్గకూడదు, 50 అయితే నిశ్చింత. చోటు లేదని బ్యాటరీని డిక్కీలోకి మార్చేవాళ్లుంటారు. అప్పుడు కేబుల్ ఐదు మీటర్లకు సాగుతుంది కాబట్టి పెట్రోలు కారుకైనా 50 వేయాల్సిందే.

ఇంకా పాతవైతే, ఉదాహరణకు రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు, 6 వోల్టుల బండ్లు. వోల్టు సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి, పోగొట్టుకునే వెసులుబాటేమో సగమే. అంటే కేబుల్ నాలుగు రెట్లు లావుండాలి. అలాంటి బండికి షాపులో దొరికే 12 వోల్టుల రెడీమేడ్ కేబుల్ తగిలించి, సెల్ఫ్ మోటారు పాడైందని విప్పి కూర్చున్నవాళ్లను చూశాను.

ఎండ కూడా లెక్కలోదే. వేడి డిగ్రీ పెరిగినప్పుడల్లా రాగి అడ్డు 0.4 శాతం పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మా జిల్లాలో బానెట్ కింద కేబుల్ 70 డిగ్రీలకు చేరితే, 20 డిగ్రీల దగ్గర వేసిన లెక్కకు 20 శాతం కలుపుకోవాలి. పొద్దున బాగా అందుకున్న బండి టీ తాగి వచ్చేసరికి మొరాయించడంలో దీనికీ కొంత వాటా ఉంది.

కొనేటప్పుడు కంటిని నమ్మొద్దు. లావంతా పైనున్న పీవీసీదే కావచ్చు. భాయ్ కేబుల్ కొస గీకి, ఒక్క పోగు బయటికి లాగి, దాని మీద చాకుతో గీశాడు. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అడ్డు ఒకటిన్నర రెట్లు ఎక్కువ, ఒత్తిడికి నలిగి, కొసన బిగించే లగ్గు దగ్గర వదులవుతుంది కూడా. చాకు లేకపోతే చేత్తో ఎత్తి చూడమన్నాడు. రాగిది బరువుకే తెలిసిపోతుంది. ఆయన వాడేది వెల్డింగ్ కేబుల్. సన్న పోగులు, మెత్తగా వంగుతుంది, ఇంజను వణుకుడికి తెగదు.

మన తెలుగులో స్టార్టర్‌ని 'సెల్ఫ్' అనడం నాకు భలే ఇష్టం. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చేదాకా ఎవరో ఒకరు ముందు నిలబడి హ్యాండిలు తిప్పాల్సిందే. తనంతట తాను తిరగడం అప్పట్లో వింత. అంబాసిడర్ మాత్రం సెల్ఫ్ ఉన్నా బంపరులో హ్యాండిలు బెజ్జం వదులుకోలేదు, డ్రైవర్ మీద నమ్మకమో సెల్ఫ్ మీద అనుమానమో. 2014లో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ బండ్లకు కంపెనీ కేబుల్ సెట్లు వెతుక్కోవడం కష్టమైంది. కాబట్టి ఇలాంటి షెడ్డులో కొలత తీసి కట్టించుకోవడమే మేలు. వట్టి సోల్డరుతో అతికిస్తే వేడికి కరగొచ్చు. లగ్గుని ప్రెస్సుతో గట్టిగా నొక్కించాలి.

పట్టీ బిగించే ముందు భాయ్ బాడీ మీద పెయింటు గీకి ఇనుము మెరిసేదాకా రుద్దాడు. బోల్టు బిగించి పైన వేజలైన్ పూశాడు. మీటరు తీసి ఒక పుల్ల బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, ఇంకోటి ఇంజను మీద ఆనించి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. ముల్లు 0.2 వోల్టు దాటలేదు. "ఇంకేం కావాల సార్" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

కొత్త చోక్ వైరు మాత్రం ప్రొద్దుటూరులో మూడు షాపులు తిరిగితే గానీ దొరకలేదు.