ఆఖరి మొక్క దాకా

కాలువ కింద సేద్యం చేసినవాళ్ళకు చివరి భూముల గోడు తెలుసు. తూము పక్క మడి నిండి పొర్లుతుంటే, కట్ట దిగువ మడి నెర్రెలు విచ్చి ఉంటుంది. డ్రిప్పును మనం నీళ్ళు ఆదా చేసే సాధనంగానే చూస్తాం. అంతకన్నా పెద్ద మేలు ఒకటి దానిలో ఉందని నా నమ్మకం. మొదటి మొక్క తాగినన్ని నీళ్ళే ఆఖరి మొక్కా తాగుతుంది. ఈ న్యాయం నిలిచేదీ, చెడేదీ ఎక్కువగా ఒకచోటే: సాలు వెంట పరిచిన టేపును, సాళ్ళకు నీళ్ళు పంచే గొట్టమైన సబ్‌మెయిన్‌కు తగిలించే అతుకు దగ్గర.

బెంగళూరు హోసూరు రోడ్డులో బొమ్మసంద్ర అంటే ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్ మెట్రో గుర్తొస్తాయి. చందాపుర దాటి ఆనేకల్, అత్తిబెలె వైపు వెళితే ఎర్రనేలల్లో ఇంకా గులాబీ తోటలు, కూరగాయ మడులు కనిపిస్తాయి. కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినిపించే ఈ ప్రాంతానికి నది కాలువ లేదు. ఒకప్పుడు చెరువులు ఆదుకునేవి, ఇప్పుడు బోర్లే దిక్కు. ఆనేకల్ తాలూకాలో భూమిలోకి ఇంకేదానికన్నా తోడేదే ఎక్కువ. ఇక్కడ ఒక్క సాలు ఎండినా అది బోరు తప్పు కాకపోవచ్చు, బిగింపు తప్పు కావచ్చు.

టేపు చాలా పల్చటిది. కూరగాయలకు వాడే చాలా రకాల్లో గోడ మందం 0.2 మిల్లీమీటర్లకు అటూఇటూగానే ఉంటుంది. నీళ్ళు లేనప్పుడు రిబ్బనులా చదునుగా పడి ఉంటుంది, నీళ్ళొస్తే గొట్టమవుతుంది. దాని లోపల ప్రతి డ్రిప్పర్ దగ్గరా వంకరటింకర సన్నదారి ఉంటుంది. ఆ మలుపుల్లో ఒత్తిడి అరిగిపోయి, బయటికి వచ్చేసరికి చుక్కే మిగులుతుంది. ఆ దారి మిల్లీమీటరు కన్నా సన్నం. చిన్న ప్లాస్టిక్ పొట్టు చాలు, దాన్ని మూసేయడానికి.

అందుకే పని డ్రిల్లు దగ్గరే మొదలవుతుంది. పీవీసీ సబ్‌మెయిన్‌కు రంధ్రం పైవైపు వేయాలి. పక్కకో కిందికో వేస్తే అడుగున చేరిన మట్టి నేరుగా సాల్లోకి పోతుంది. బిట్టు గ్రోమెట్ అనే రబ్బరు రింగు కొలతకు సరిపడాలి, నిటారుగా దిగాలి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో వచ్చిందంటే రబ్బరు ఎంత మంచిదైనా కారుతుంది. అంచున లేచిన పొరను గీకి తీసి, గ్రోమెట్ గాడి గొట్టం గోడను పట్టేలా కూర్చాక, సబ్బునీళ్ళు రాసి, సాలుకు నీళ్ళు తీసే టేకాఫ్‌ను నొక్కాలి. సబ్‌మెయిన్ అడుగున్నర లోతులో ఉంటుంది కాబట్టి టేపును నేరుగా అక్కడికి దించకూడదు, వంపులో నలిగి మూసుకుపోతుంది. మందమైన 16 ఎంఎం లేటరల్ ముక్కతో నేల పైకి వచ్చి, అక్కడ చిన్న వాల్వు, ఆపైన టేపు కనెక్టరు.

టేపును కత్తెరతో తిన్నగా కత్తిరించాలి. నట్టు వెనక్కి జరిపి, టేపును కనెక్టరు గాట్ల మీదికి పూర్తిగా ఎక్కించి, నట్టును దాని మీదికి తెచ్చి తిప్పాలి. కొందరు తొందరలో తీగ చుట్టి సరిపెడతారు. ఆ తీగే కొన్నాళ్ళకు టేపును కోస్తుంది. డ్రిప్పర్లు ఆకాశం వైపు చూడాలి, అప్పుడు ఒండ్రు అడుగున ఆగుతుంది. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది గనుక టేపును లాగి బిగించకుండా కాస్త వదులు ఉంచాలి.

చివర్లు మూసేముందు కడగడం ఉంది. దీన్ని దాటేసేవాళ్ళే ఎక్కువ. టేపులు తగిలించకముందే సబ్‌మెయిన్ చివర తెరిచి, డ్రిల్లు పొట్టు పోయేదాకా నీళ్ళు వదలాలి. తర్వాత టేపులు తగిలించి, చివర్లు తెరిచే ఉంచి, తేట నీళ్ళు వచ్చాక ఒక్కొక్కటే మూయాలి. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన ఫిల్టరూ కాపాడలేదు, ఎందుకంటే ఆ చెత్త ఫిల్టరు దాటాక పుట్టింది.

ఇక లెక్క. 1.2 మీటర్ల దూరంలో సాళ్ళు పెడితే ఎకరానికి దాదాపు 3,370 మీటర్ల టేపు పడుతుంది. 30 సెంటీమీటర్లకో డ్రిప్పర్, ఒక్కోటి గంటకు లీటరు అనుకుంటే గంటకు 11,200 లీటర్లు కావాలి. బోరు 5,000 లీటర్లే ఇస్తుంటే తోటను కనీసం మూడు వాల్వులుగా విడగొట్టక తప్పదు. అన్నీ ఒకేసారి తెరిస్తే మళ్ళీ కాలువ కథే, మొదటి సాళ్ళు తాగేస్తాయి.

వాలు కూడా న్యాయాన్ని చెరుపుతుంది. నేల ఒక మీటరు దిగితే ఒత్తిడి సుమారు 0.1 బార్ పెరుగుతుంది. 0.7 బార్ మీద నడిచే మామూలు టేపులో దీనివల్ల డ్రిప్పర్ వదిలే నీటిలో దాదాపు 7 శాతం తేడా వస్తుంది. రెండు మీటర్లు దిగితే 13 శాతం దాటుతుంది, ఇంజినీర్లు మాత్రం 10 లోపే ఉండాలంటారు. అందుకే సబ్‌మెయిన్‌ను ఎగువ గట్టున వేసి సాళ్ళను కొద్దిపాటి పల్లంలోకి పోనివ్వాలి. రాపిడితో పోయే ఒత్తిడిని వాలు కొంత తిరిగిస్తుంది.

బొమ్మసంద్ర చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల తోటల సంగతి వేరు. అక్కడ చెట్లకు పారేది చాలాచోట్ల శుద్ధిచేసిన వాడుక నీరు. అందులో జిగురు పాచి పెరుగుతుంది, కాబట్టి డిస్క్ ఫిల్టరు, అప్పుడప్పుడు క్లోరిన్ తప్పనిసరి. బోరు నీళ్ళకైతే ఇసుక, సున్నం బెడద. సున్నానికి యాసిడ్ ట్రీట్‌మెంట్ ఉంది.

ఈ విద్య మొలకెత్తిందే ఒక అతుకు దగ్గరట. 1930లలో సింకా బ్లాస్ అనే ఇంజినీరు తక్కిన చెట్లకన్నా ఏపుగా ఎదిగిన ఒక చెట్టును చూసి ఆరా తీస్తే, దాని వేళ్ళ దగ్గర కారుతున్న పైపు కనిపించిందని చెబుతారు. ఆ ఆలోచన 1965లో ఇజ్రాయెల్‌లోని హత్జెరిమ్ కిబ్బుత్జ్‌లో నెటాఫిమ్ సంస్థ అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 నవంబరులో సూక్ష్మ సేద్య పథకం మొదలుపెట్టాక అనంతపురం, చిత్తూరు రైతులకు డ్రిప్పు ఇంటి పనైంది. సబ్సిడీ సెట్టును కంపెనీ మనుషులే బిగించి వెళతారు. రైతు పక్కన నిలబడి కనీసం ఒక సాలు తన చేత్తో తగిలించాలని నా కోరిక. రేపు ఎలుక కొరికినప్పుడు పట్టాల్సింది ఆ చేతులే.

బిగింపు ఎలా కుదిరిందో తేల్చడానికి రెండు గిన్నెలు చాలు. సబ్‌మెయిన్ మొదట్లోని సాల్లో మొదటి డ్రిప్పర్ కింద ఒకటి, దూరపు సాల్లో చివరి డ్రిప్పర్ కింద ఒకటి పెట్టి ఆరు నిమిషాలు వదలాలి. గంటకు లీటరు టేపైతే రెండింటిలోనూ 100 మిల్లీలీటర్లకు అటూఇటూగా ఉండాలి. దూరపు గిన్నెలో 90 కన్నా తగ్గితే ముందు ఆ సాలు చివర తెరిచి కడగాలి, తర్వాత ఫిల్టరు, అప్పటికీ తగ్గితే గ్రోమెట్ దగ్గర తవ్వి చూడాలి.