పొలియాకోవ్: ద్వేషచరిత్రలో ఆర్యశబ్దం

యూరపులో యూదుద్వేషానికి సమగ్రచరిత్ర రచించినవారిలో లెయోన్ పొలియాకోవ్ (1910–1997) అగ్రగణ్యుడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించి, బాల్యంలోనే ప్రవాసియై ఫ్రాన్సు చేరాడు. చరిత్ర ఆయనకు విద్యాపీఠం ప్రసాదించింది కాదు, ఆపద నేర్పింది. జర్మను ఆక్రమణకాలంలో, 1943లో ఐజాక్ ష్నేర్‌సన్ గ్రెనోబుల్‌లో రహస్యంగా నెలకొల్పిన పత్రసేకరణ కేంద్రంలో తొలిదశలోనే చేరాడు. యుద్ధానంతరం న్యూరెంబర్గ్ విచారణలో ఫ్రెంచి పక్షానికి తోడ్పడ్డాడు. హంతకుల ఉత్తర్వులు, లెక్కలు శోధించి 1951లో వెలువరించిన గ్రంథం పేరును 'ద్వేషపు నిత్యపారాయణ' అనవచ్చు.

ఎట్లా చంపారో పత్రాలు చెప్పాయి. ఎందుకు చంపారన్న ప్రశ్న మిగిలింది. 1955–1977 మధ్య వచ్చిన నాలుగు సంపుటాలు దానికి సమాధానాన్వేషణమే. వోల్టేరు మొదలు వాగ్నరు వరకు సాగే మూడవ సంపుటం (1968) నా దృష్టిలో అత్యుత్తమం. మతమౌఢ్యాన్ని ఎదిరించిన హేతువాదులే యూదులను ఈసడించుకొన్న వైనం అందులో నిర్మొహమాటంగా ఉంది. హేతువాదాన్ని సర్వరోగనివారిణిగా భావించే మనవారు దానిని తప్పక చదవాలి.

1971 నాటి 'ఆర్యపురాణం' మనకు మరింత దగ్గరిది. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చూపిన భాషాబంధుత్వం క్రమంగా రక్తబంధుత్వంగా మారిన కథ అది. అయితే పొలియాకోవ్ చూపే భారతదేశం యూరపు కలగన్న భారతదేశమే. 1816లో మద్రాసులో ముద్రితమైన కాంబెల్ తెలుగు వ్యాకరణపు ఉపోద్ఘాతానికి ఎల్లిస్ చేర్చిన టిప్పణి, తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించింది. ఆ భాషావివేకం కూడా తరువాత 'ఆర్య ద్రావిడ' రక్తాల వాదంలో చిక్కుకొన్నది. మన వైపు కథ ఇంకా ఆ గ్రంథానికి జోడించవలసే ఉంది.

దీనిని తెలుగు చేయబూనినవానికి మొదటి అడ్డంకి 'జాతి' శబ్దం. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తరతరాలుగా బెంగాలీ, ఒరియా, హిందీ మాటల నడుమ బతికే తెలుగువారిని "మీదే జాతి?" అని అడిగితే ఒకరు తెలుగువారమంటారు, ఒకరు కులం చెబుతారు, మరొకరు భారతీయులమంటారు. మూడూ సరైన జవాబులే. పొలియాకోవ్ ఖండించే నాలుగవ అర్థం, అంటే రక్తం, ఈ మూడింటి చాటునే దాగుతుంది. 'వంశం' అంటే కుటుంబానికి కుదించినట్లు. 'రక్తం' అంటే ఆ భ్రాంతినే సత్యమని అంగీకరించినట్లు. 'జాతి'నే ఉంచి, భాషను గురించిన ప్రతి చోటా 'ఆర్యభాషలు' అని స్పష్టంగా విడదీయడమే ప్రస్తుతానికి నాకు ఉచితంగా తోస్తున్నది.