నరం ఏది, నాళం ఏది?

మా ధర్మపురి వైపు తెలుగిళ్ళలో ఎద్దు కాలి మీద ఉబ్బి కనిపించేదీ నరమే, లోపల నొప్పిని మోసుకెళ్ళేదీ నరమే. డాక్టరు మెడ దగ్గర మందెక్కిస్తే ‘నరానికి సూది వేశాడు’ అంటాం, ఎద్దు కుంటితే ‘నరం పట్టింది’ అంటాం. ఒకే మాటలో రక్తనాళం, నరం రెండూ కలిసిపోయాయి. ఆ రెంటినీ చేత్తో విడదీసి చూపించేదే పశువైద్య కళాశాలలోని కోతగది. అక్కడ మంచి పనివాడి చెయ్యి కదలడం ఒక్కసారి చూసినవాళ్ళు ఆ విద్యను జన్మలో తక్కువ చేసి మాట్లాడలేరు. నేను చూశాను.

ముందు చనిపోయిన పశువు మెడలోని పెద్ద ధమని గుండా ఫార్మలిన్ ఎక్కిస్తారు. ఆపైన ధమనుల్లోకి పిండి, సిందూరం కలిపిన ఎర్రటి ముద్దను పంపుతారు. దీన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు. అసలు పనితనం చర్మం ఒలిచాక బయటపడుతుంది. నేర్పరి కత్తితో కొయ్యడు. మూసిన కత్తెర మొనను కండరాల మధ్య పొరలోకి దూర్చి, లోపల మెల్లగా తెరుస్తాడు. పొర దానంతటదే విడుతుంది, నరం తెగదు. వేలికింద ధమని గొట్టంలా నిలుస్తుంది, సిర మెత్తగా అణిగిపోతుంది, నరం మాత్రం గట్టి దారంలా జారుతుంది. కళ్ళు మూసుకుని ఈ మూడూ చెప్పగలిగినవాడే నా లెక్కలో పండితుడు.

ఎద్దు ముందుకాలి చంకలో చూడాలి ఆ అందం! మెడ చివరి మూడు నరాలు, వీపు మొదటి నరం అక్కడ జడలా అల్లుకుని మళ్ళీ విడిపోతాయి. వాటిలో రేడియల్ నరం జబ్బకింది పెద్ద ఎముక చుట్టూ మెలి తిరిగి బయటి వైపుకొస్తుంది. ఆ మెలిక తెలియని చోటే ప్రమాదం. పశువును గట్టి నేల మీద ఒకే పక్కన ఎక్కువసేపు పడుకోబెట్టి ఆపరేషన్ చేస్తే ఆ నరం నలుగుతుంది. లేచాక మోచెయ్యి జారిపోతుంది, గిట్ట కొన నేల మీద ఈడ్చుకుపోతుంది. ఆపరేషన్ బాగానే అయిందనుకుంటాం, ఎద్దు మాత్రం కాడికి పనికిరాదు. వెనక కాళ్ళ సంగతీ అంతే. కాన్పులో పెద్ద దూడను బలవంతంగా లాగితే ఆవు కటి లోపలి గోడను ఆనుకుని పోయే ఆబ్ట్యురేటర్ నరం నలిగి, కాళ్ళు రెండూ పక్కలకు జారిపోతాయి.

తెలిసిన చెయ్యి చేసే అద్భుతం కూడా చూడండి. గిట్ట కుళ్ళి ఒక గోరు తీసెయ్యాల్సి వస్తే, నేర్పున్న డాక్టరు కాలి నడిమికి రబ్బరు కట్టు బిగిస్తాడు. కింద సిర ఉబ్బుతుంది. అందులోకి 2 శాతం లిగ్నోకేయిన్ 20, 30 మిల్లీలీటర్లు ఎక్కిస్తే, పది నిమిషాల్లో కట్టు కింది కాలంతా మొద్దుబారుతుంది. సిర దారినే నరాన్ని నిద్రపుచ్చడం! మనుషులకు ఈ పద్ధతిని 1908లో ఆగస్ట్ బీర్ చెప్పాడు. మా వైపు పశువుల డాక్టర్లు దీన్ని చెట్టుకింద చేస్తారు.

చరిత్రకు వస్తే, ఇంగ్లండులో జార్జ్ స్టబ్స్ అనే చిత్రకారుడు 1750లలో ఒక పల్లెటూరి ఇంట్లో గుర్రాలను కోసి, నాళాల్లో కరిగించిన కొవ్వు నింపి, బొమ్మలు గీసి 1766లో అచ్చువేశాడు. మనకు మద్రాసు వేపేరి పశువైద్య కళాశాల 1903లో మొదలైంది. పశువుల శరీర నిర్మాణం మీద సిసన్ రాసిన పుస్తకం గొప్పదే, కాదనను, కానీ అది గుర్రాన్ని ముందు పెట్టుకుని రాసింది. ఎద్దును ముందు పెట్టిన రాఘవన్ పుస్తకం, 1964లో భారత వ్యవసాయ పరిశోధన మండలి వేసినది, నాకు ప్రాణం. కాడి లాగేది ఎద్దు కదా!

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ప్లాస్టిక్ కాలు తెచ్చి బల్లమీద పెడుతున్నారు. అందులో ధమని ఎప్పుడూ ఎరుపే, సిర ఎప్పుడూ నీలమే, నరం ఎప్పుడూ పసుపే. బతికున్న కాల్లో ఏ నరం పసుపు రంగు పూసుకుని కూర్చుంటుంది? ఒక ఎద్దులో ఉన్న కొమ్మ ఇంకో ఎద్దులో వేరేచోట పుడుతుంది. ఆ తేడా ఫోనులో తిప్పి చూసే బొమ్మకు తెలియదు, పరీక్ష ముందు రాత్రి బట్టీ కొట్టే గైడుకు అసలే తెలియదు. గైడుతో గట్టెక్కినవాడు రేపు నా ఆవు కాన్పుకు వస్తాడు. నాకు భయమేస్తుంది.

హొగెనకల్ వైపు కావేరి ఒడ్డున పుట్టి, పేరు మోసిన ఆలంబాడి ఎద్దులు మావి. రాళ్ళ నేలలో బండి లాగే ఆ కాళ్ళు చూసి ఎవరు మురిసిపోరు? ఇప్పుడు అవి పలచబడుతున్నాయి. మన ఊళ్ళ అన్నల్ని, మామల్ని నేను అడిగేదొకటే. ఇంట్లో పెరిగిన ముసలి ఎద్దు కన్నుమూస్తే, పూడ్చే ముందు, ఒళ్ళు చల్లబడకముందే, దగ్గర్లోని పశువైద్య కళాశాలకు ఒక్క కబురు పంపండి. వాళ్ళు రాగలిగితే వస్తారు. పసుపు కుంకుమ పెట్టి పంపినా తప్పులేదు. బతికినన్నాళ్ళూ మన పొలం దున్నిన ఆ కాలి దగ్గర పిల్లలు కత్తెర పట్టుకుని నిలబడి, ఏది నరమో ఏది నాళమో వేలితో తడిమి తెలుసుకుంటారు.